తలుపు కింది వేలెడు సందు

వల్పరైసోలో కొండమీది నిబాల్డో ఇంటికి
మూడు అట్టపెట్టెలతో, కుట్టుమిషనుతో,
మూత బిగించిన బుట్టలో సెనీసాతో ఎక్కి వచ్చాను.
అరవై రెండేళ్లకి కొత్తకాపురం.
ఆ పొద్దున పొగమంచు
రేకుగోడల రంగులన్నీ మింగేసి కూర్చుంది.

గడపలో తుయెర్తో.
ఒంటికన్ను, చిరిగిన చెవి,
పదకొండేళ్లుగా ఆ ఇంటికి హక్కుదారు.
నేను బుట్ట మూత తీశాను.
అదే నా తప్పు.

తర్వాత నేలంతా బొచ్చు,
పగిలిన జెరేనియం కుండీ,
విడదీయబోయిన నిబాల్డో మణికట్టు మీద
నాలుగు ఎర్రగీతలు.
చెయ్యి పెట్టకూడదనీ, తువ్వాలు విసరాలనీ
అప్పటికి ఎవరికి తెలుసు?

"మీ పిల్లి," అన్నాడు.
"మీ పిల్లే," అన్నాను.
అంతకుముందు రోజు దాకా
మేం నువ్వు అనుకునేవాళ్ళం.

రేవు దగ్గర పశువైద్యురాలు యానారా,
నా మనవరాలి ఈడు పిల్ల,
నవ్వకుండా విన్నది.
"కొట్టొద్దు. కసరొద్దు. ముందు ఒక తలుపు మూయండి.
పిల్లులు రెండైతే ఇసుక తట్టలు మూడు," అంది.
లెక్క తప్పిందేమోనని మళ్ళీ అడిగాను.
మూడే.

కుట్టుగది సెనీసాకి, మిగతా ఇల్లు తుయెర్తోకి.
నిబాల్డో మేజోడుతో తుయెర్తో చెంపలు తుడిచి
సెనీసా గిన్నె కింద పరిచాను.
ఆమె ఆ మేజోటిని చూసి బుస్సుమంది.
వెనక్కి వెళ్ళి మూల కూర్చుంది.
చీకటి పడ్డాక వచ్చి
దానికి ఎడంగా మెడ చాపి తిన్నది.

తలుపుకి ఇటొక గిన్నె, అటొక గిన్నె.
రోజుకి బెత్తెడు చొప్పున దగ్గరికి జరపడం.
ఒకరోజు తొందరపడి రెండు బెత్తెలు జరిపాను,
వారం వెనక్కి పోయింది.
తగవు తీర్చే కోతికి రొట్టె దక్కుతుందంటారు.
నాకు దక్కింది
తట్టలు కడిగే పని.

తలుపు తెరిచాక అరుపులు లేవు.
హమ్మయ్య అనుకున్నాను.
గొడవంటే అరుపే అనుకునేదాన్ని మరి.
తుయెర్తో నడవా మధ్యలో ఊరికే కూర్చునేవాడు, అంతే.
నీళ్ళ గిన్నె అటువైపు.
సెనీసా ఇటువైపు, మధ్యాహ్నమంతా,
పెదవులు నాక్కుంటూ.
దాహాన్ని నేను మర్యాద అనుకున్నాను.

నిబాల్డో చూశాడు.
ముప్పై ఏళ్ళు కొండ లిఫ్టులకి గ్రీసు పూసినవాడు.
ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఒకటి దిగితేనే ఒకటి ఎక్కేది,
నడిమధ్యలో పక్కపక్కగా తప్పుకునేవి.
ఏమీ అనకుండా పాత చెక్కలు తెచ్చి
నడవా గోడకి తల ఎత్తున
ఒక దారి కొట్టాడు.
మేకులు నోట్లో పెట్టుకుని,
కుట్టుగది నుంచి వంటింటి దాకా.

ఆరు రోజులు ఎవరూ ఎక్కలేదు.
ఏడో రోజు తెల్లవారుజామున
పైన సెనీసా నడిచింది,
కింద తుయెర్తో నడిచాడు,
దీపం కింద ఒకరిమీద ఒకరి నీడ పడింది.
ఎవరూ ఆగలేదు.
చీకట్లో చెప్పుల్లేకుండా నిలబడి
నేనే ఊపిరి బిగబట్టాను.

స్నేహం కాలేదు. ఇప్పటికీ కాదు.
పోయిన నెల మళ్ళీ నా బూట్లలో తడి.
తుయెర్తోదో, సెనీసాదో,
ఇద్దరం ముక్కుపుటాలు ఎగరేసి చూశాం,
తేల్చలేకపోయాం.
"టీ తాగుతావా?" అన్నాడు నిబాల్డో, బూట్లు ఎండకి పెడుతూ.

కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది.
ఎదెల్మీరాది. ఆమె పోయి అయిదేళ్ళు.
మొదటి సాయంత్రం తెలియక అందులో కూర్చున్నాను,
తుయెర్తో నన్నూ, నిబాల్డో గోడనూ చూశారు.
ఇప్పుడు పొద్దుటి ఎండ సెనీసాది.
నాలుగు దాటాక తుయెర్తోది.
మధ్యలో ఒక గంట కుర్చీ ఖాళీగా ఉంటుంది,
దిండు మీద రెండు రంగుల బొచ్చుతో.

నేను గిన్నెలు తోముతూ దాన్ని చూస్తుంటాను.
రోజుకి బెత్తెడు చొప్పున.